ఖనిజాలను గుర్తించడం ఎలా? నేర్చుకునేవారికి, నేర్పేవారికి ఒక సమగ్ర మార్గదర్శి

రాయి ఫొటో పంపి ‘ఇదేమిటో చెప్పండి’ అని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. సైన్సు ఉపాధ్యాయులు, సెలవుల్లో పిల్లలకు ఏదో ఒక వ్యాపకం కావాలనుకునే తల్లిదండ్రులు, తొలకరి వానలకు వజ్రాలకు పేరుపడ్డ జొన్నగిరి చేలల్లో మెరిసే రాయి ఏరుకొచ్చినవారు, అందరిదీ ఇదే ప్రశ్న. ఫొటో చూసి చెప్పడం కుదరదు. ఫొటోలో కనిపించేది ప్రధానంగా రంగు. ఖనిజాన్ని గుర్తుపట్టడంలో అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది ఆ రంగే. బరువు, గీటు (గీస్తే పడే పొడి రంగు), గట్టితనం, చీలే తీరు మాత్రం రాయి చేతిలో ఉంటేనే తెలుస్తాయి.

అందుకే ఈ పద్ధతికి ఒకే నియమం: పేరు చివర్లో. పరీక్షలన్నీ అయ్యి, ఫలితాలన్నీ పుస్తకంలోకి ఎక్కాకే పేరు జోలికి వెళ్లాలి. ముందే పేరు అనేసుకుంటే ఆ తర్వాత కళ్లు దానికి సరిపోయేవే చూస్తాయి.

## 1. సామాను సమకూర్చుకోవడం

ప్రయోగశాల అవసరం లేదు. కావలసినవి ఇవి:

- 10 రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం
- మందపాటి రాగి తీగ ముక్క (ఎలక్ట్రీషియన్‌ను అడిగితే ఇస్తారు)
- పాత స్టీలు చాకు
- అంచులు అరగదీసిన మందపాటి గాజు ముక్క
- గీటు పలక
- దారం కట్టిన చిన్న అయస్కాంతం
- వంటింటి డిజిటల్ కాటా
- వెనిగర్, డ్రాపర్
- పాత టూత్‌బ్రష్, నోటుబుక్కు, తెల్ల పెయింటు, పర్మనెంట్ మార్కర్

రెండు వస్తువుల దగ్గర జాగ్రత్త అవసరం. విదేశీ పుస్తకాలు గట్టితనం చూడటానికి రాగి నాణెం వాడమంటాయి. మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి. వాటితో గీస్తే లెక్క తప్పుతుంది, అందుకే రాగి తీగ.

రెండోది గీటు పలక. దానికి మెరుగు పూత లేని తెల్ల పింగాణీ కావాలి. ‘టైలు వెనక వైపు గీయండి’ అని చాలామంది చెబుతారు. గోడ టైళ్లలో చాలావాటి వెనక వైపు ఎర్రమట్టి రంగులో ఉంటుంది, మెత్తగానూ ఉంటుంది. దానిమీద ఎర్ర గీటు పడిందో లేదో ఎవరికి తెలుస్తుంది? వెనక కూడా తెల్లగా, గట్టిగా ఉన్న టైలు ముక్క వెతకండి. దొరక్కపోతే పింగాణీ కప్పు అడుగున, బల్లకు ఆనే అంచున పూత ఉండదు. ఆ వలయం చాలు.

## 2. మొదటి పెట్టెలో ఏ రాళ్లు ఉండాలి

యాభై రకాలతో మొదలుపెట్టిన పెట్టె నెల తిరక్కుండా అటక ఎక్కుతుంది. తొమ్మిది చాలు, ఒక్కోటి ఒక్కో గుణం నేర్పేదై ఉండాలి.

- పలుగురాయి (క్వార్ట్జ్): దాదాపు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. గాజును గీస్తుంది.
- ఫెల్డ్‌స్పార్: గ్రానైట్‌లో గులాబీ లేదా తెల్ల రంగు గింజలు. చదునైన ముఖాలుగా చీలుతుంది.
- అభ్రకం: పిల్లలు కాకి బంగారం అనే పెచ్చులు. నెల్లూరు, గూడూరు ప్రాంతం దీనికి పేరు పొందింది.
- కాల్సైట్: సున్నపురాయిలో తెల్లని చారలుగా కనిపిస్తుంది. యాసిడ్‌కు పొంగుతుంది.
- ముగ్గురాయి (బెరైటీస్): మంగంపేట గనులది. బరువును నేర్పే రాయి.
- బలపపు రాయి: గోటితో గీరితే రాలుతుంది, తాకితే సబ్బులా జారుతుంది.
- హెమటైట్: ఇనుప ఖనిజం. గీటును నేర్పే రాయి.
- మాగ్నటైట్: ఇదీ ఇనుప ఖనిజమే, కానీ అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది.
- సైంధవ లవణం: పచారీ కొట్టులో గడ్డగా అడగండి. ఘనాకారంగా విరుగుతుంది.

ఖమ్మం వైపు బంధువులుంటే గార్నెట్ ఒకటి తెప్పించుకోండి. గట్టి ఎర్ర గింజ, చుట్టూ సహజంగా ఏర్పడిన పలకలు. స్ఫటికం అంటే ఏమిటో చెప్పడానికి దాన్ని మించింది లేదు.

గ్రానైట్ కోత యూనిట్ల బయట పడేసిన ముక్కలు మంచి బోధన సామగ్రి. ఒకవైపు పాలిష్, మరోవైపు గరుకు, ఒకే ముక్కలో రెండూ చూడవచ్చు. అన్నట్టు, చీమకుర్తి ‘బ్లాక్ గెలాక్సీ’ని వ్యాపారులు గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో కుటుంబపు రాయి. అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. శిల అంటే ఖనిజాల కలయిక అన్న పాఠానికి వంటింటి గట్టు కూడా పనికొస్తుంది.

## 3. పెట్టెలోకి రాకూడనివి

నాటుమందుల అంగడిలో, అంటే మూలికలు అమ్మే పాత దుకాణంలో, రంగురంగుల ఖనిజాలు దొరుకుతాయి కదా అని కొందరు ఉపాధ్యాయులు అక్కడికి వెళ్తారు. ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. తాళకం, మణిశిలల్లో ఆర్సెనిక్ ఉంటుంది. పిల్లల చేతికి ఇవ్వకూడనివి.

- రాతినార (ఆస్‌బెస్టాస్): పులివెందుల ప్రాంతంలో ఉంది. పోగులు పీకితే కంటికి కనిపించని నార ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పోగులుగా విడిపోయే రాయి ఏది దొరికినా ముట్టుకోకుండా అక్కడే వదిలేయండి.
- గెలీనా: సీసపు ఖనిజం. చూపించాలంటే మూత బిగించిన గాజు సీసాలో ఉంచి చూపించండి.
- భీమిలి వైపు నల్ల ఇసుక: అందులో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు థోరియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండే మోనజైట్ కూడా ఉంటుంది. అక్కడే అయస్కాంతం పెట్టి చూసి వచ్చేయండి. సీసాలు నింపుకుని రావద్దు.

క్వారీలోకి అనుమతి లేకుండా వెళ్లవద్దు. రాయి పగలగొట్టేటప్పుడు గుడ్డలో చుట్టి కొట్టాలి, కళ్లకు అద్దాలు ఉండాలి. రాతి దుమ్ము పీల్చకూడదు, అందుకని తడిపి కొట్టండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి. రాయిని నాకి రుచి చూసే అలవాటు పిల్లలకు అసలు చెప్పకండి, ఉప్పుకైనా సరే.

## 4. పరీక్షల వరుస

రాయికి నష్టం చేయనివి ముందు, గీతలు పడేవి తర్వాత, యాసిడ్ అన్నిటికంటే చివర. ఈ వరుస మార్చవద్దు.

### 4.1 కడగడం, నంబరు వేయడం

బ్రష్‌తో నీళ్లలో రుద్ది పూర్తిగా ఆరనివ్వండి. సైంధవ లవణాన్ని మాత్రం కడగకూడదు, కరిగిపోతుంది. ఒక మూల చిన్న తెల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరాక దానిమీద నంబరు రాయండి. అదే నంబరుతో పుస్తకంలో దొరికిన చోటు, తేదీ, తెచ్చినవారి పేరు ఎక్కించండి. ‘కడప జిల్లా’ అని రాస్తే చాలదు. ఏ ఊరు, ఏ వాగు గట్టు, కోత యూనిట్ చెత్తలోనా, చేలోనా అన్నది కావాలి. చోటు తెలియని రాయి అందంగా ఉండవచ్చు గానీ చదువుకు పెద్దగా పనికిరాదు.

కాగితం చీటీని రాయి కింద పెడితే చాలనుకోకండి. మొదటి పీరియడ్ అయ్యేసరికే చీటీలు అటూ ఇటూ అవుతాయి.

### 4.2 చూడటం

రాయి పైతోలు ఎండకు, వానకు మారిపోయి ఉంటుంది. కొత్తగా విరిగిన ముఖాన్నే చూడాలి. వెలుతురులో తిప్పుతూ అడగండి: మెరుపు లోహంలా ఉందా, గాజులా ఉందా, ముత్యంలా ఉందా, మట్టిలా మెరుపే లేదా? గింజలు ఒకే రకమా, రెండు మూడు రకాలా? రెండు మూడు రకాలైతే అది శిల. ఒక్కో గింజనూ విడిగా పరీక్షించాలి.

### 4.3 బరువు చూడటం

మొదట చేతితో. ఒకే సైజు రాళ్లు రెండు చేతుల్లో పెట్టుకుని ఏది బరువో చెప్పాలి. పలుగురాయి పక్కన ముగ్గురాయి పెడితే చిన్న పిల్లలు కూడా వెంటనే చెప్పేస్తారు.

తర్వాత కాటాతో సాపేక్ష సాంద్రత, అంటే అంతే పరిమాణం ఉన్న నీటికంటే రాయి ఎన్ని రెట్లు బరువో, లెక్క కట్టవచ్చు. దీనికి స్ప్రింగు త్రాసు, కొలజాడీ ఏమీ అక్కర్లేదు:

1. పొడి రాయిని తూచి బరువు రాసుకోండి.
2. సగం నీళ్లున్న గిన్నెను కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెండి.
3. రాయికి దారం కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగును గానీ, గిన్నె అంచును గానీ తాకకూడదు. దారం చేతిలోనే ఉండాలి.
4. ఇప్పుడు కాటా చూపే అంకె రాయి తొలగించిన నీటి బరువు.
5. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి.

225 గ్రాముల రాయిని ముంచినప్పుడు కాటా 50 చూపితే జవాబు 4.5. అది ముగ్గురాయి బరువు. పలుగురాయికి సుమారు 2.65, కాల్సైట్‌కు 2.7, హెమటైట్, మాగ్నటైట్‌లకు 5కు కాస్త పైన వస్తాయి. ముగ్గురాయికి 4.2 వస్తే కంగారు పడకండి, గనిలోంచి వచ్చిన రాయిలో వేరే పదార్థం కొంత కలిసే ఉంటుంది.

రాయి 100 గ్రాములకు తక్కువ ఉండకూడదు. గ్రాము వరకే చూపే కాటాలో చిన్న రాయికి పొరపాటు పెద్దదవుతుంది. రాయికి గాలి బుడగలు అంటుకుంటే వేలితో తుడిచి మళ్లీ చూడండి.

### 4.4 అయస్కాంతం

అయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి రాయిని మెల్లగా దగ్గరకు తీసుకురండి. నేరుగా అంటించి చూస్తే బలహీనమైన ఆకర్షణ తెలియదు. వేలాడే అయస్కాంతం కొంచెం లాగినా కదులుతుంది.

### 4.5 గీటు

రాయి మూలతో గీటు పలక మీద రెండు సెంటీమీటర్లు గట్టిగా గీయండి. పొడి రంగు చూడండి. హెమటైట్ నల్లగా, ఉక్కులా మెరుస్తూ కనిపించినా గీటు ఎర్రటి గోధుమ రంగులో పడుతుంది. మాగ్నటైట్ గీటు నలుపు. పసుపు గోధుమ రంగు గీటు పడితే అది తుప్పు రకం ఇనుప ఖనిజం కావచ్చు. బంగారంలా మెరిసే పైరైట్ గీటు ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు, అసలు బంగారానిది పసుపు.

పలుగురాయితో గీస్తే తెల్లని పొడి వస్తుంది. అది రాయిది కాకపోవచ్చు. పింగాణీ కంటే గట్టి రాయి పలకనే గీరి పొడి చేస్తుంది. వేలితో తుడిచి చూడండి. కింద గాడి కనిపిస్తే పొడి పలకది.

### 4.6 గట్టితనం

మోస్ కొలమానం బలపపు రాయిని 1గా, వజ్రాన్ని 10గా పెట్టి వరుస చెబుతుంది. ఇది వరుసే గానీ కొలత కాదు. 10 అంటే 5కు రెట్టింపు గట్టిదని అర్థం కాదు, పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

చేతిలో ఉన్న సాధనాల గట్టితనం సుమారుగా:

- వేలిగోరు: 2.5
- రాగి తీగ: 3 నుంచి 3.5
- స్టీలు చాకు, గాజు: 5.5

గోటితో మొదలుపెట్టి పైకి వెళ్లండి. గోరు గీయలేదు, రాగి గీయలేదు, చాకు గీసింది అంటే గట్టితనం 3.5కు, 5.5కు మధ్య.

గీసిన ప్రతిసారీ వేలితో తుడిచి భూతద్దంతో చూడాలి. గట్టి రాయి మీద చాకు గీసినప్పుడు చాకు లోహమే రాయికి అంటుకుని వెండి గీతలా కనిపిస్తుంది. తుడిస్తే పోయింది అంటే రాయి గెలిచింది. గాడి మిగిలితే చాకు గెలిచింది. తరగతిలో వచ్చే తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటే వస్తాయి. ఇసుకరాయి లాంటివాటిలో గింజలు ఊడిపోతాయి, అది గీత కాదు. అలాంటి రాయితో గాజును గీసి చూడండి, గింజ గట్టితనం బయటపడుతుంది.

చేలో దొరికిన మెరిసే రాయి వజ్రమేమో అని సుత్తితో కొట్టి చూసేవారికి ఒక మాట. వజ్రం గట్టిదే, కానీ విరగనిది కాదు. సరైన దిశలో దెబ్బ తగిలితే చీలిపోతుంది. గాజును గీసినంత మాత్రాన వజ్రమనీ కాదు, పలుగురాయి కూడా గాజును గీస్తుంది.

### 4.7 చీలే తీరు

విరిగిన ముఖాలు చదునుగా, ఒకే దిశలో మెట్లు మెట్లుగా ఉంటే అది చీలిక. వంకర టింకరగా, గవ్వ లోపలి భాగంలా నునుపైన వంపులతో ఉంటే అది విరుగుడు. అభ్రకానికి ఒక్క దిశ, అందుకే రేకులుగా లేస్తుంది. ఫెల్డ్‌స్పార్‌కు రెండు దిశలు, మధ్య కోణం దాదాపు 90 డిగ్రీలు. సైంధవ లవణానికి మూడు దిశలు, అన్నీ 90 డిగ్రీలే. కాల్సైట్‌కూ మూడే, కానీ ఒరిగిన పెట్టెలా కోణాలు సుమారు 75, 105. కోణమానిని పెట్టి కొలిపించండి, లెక్కల మాస్టారు కూడా సంతోషిస్తారు.

పలుగురాయికి చెప్పుకోదగ్గ చీలిక లేదు. దాని స్ఫటికానికి నిగనిగలాడే ఆరు పక్కలు కనిపిస్తే అవి పెరిగిన ముఖాలు, చీలిన ముఖాలు కావు. ముక్క విరిగినప్పుడు మళ్లీ అదే ఆకారం వస్తే చీలిక, రాకపోతే పెరుగుదల. ఈ తేడా తెలిస్తే సగం విద్య వచ్చినట్టే.

### 4.8 యాసిడ్

పిల్లల చేతికి వెనిగరే ఇవ్వండి. రాయి మూల గీరి కొంచెం పొడి చేసి, దానిమీద చుక్క వేసి భూతద్దంలో చూడాలి. కాల్సైట్ పొడి నెమ్మదిగా బుడగలు కడుతుంది. బాత్రూం శుభ్రం చేసే యాసిడ్‌ను తరగతికి తేవద్దు.

ఇల్లు కట్టే చోట ఏరిన రాయికి సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి. పొంగేది రాయి కాదు, ఆ పూత. కొత్త ముఖం మీదే వేయండి.

## 5. ఒక ఉదాహరణ: నాలుగు తెల్ల రాళ్లు

పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, కాల్సైట్, ముగ్గురాయి నాలుగూ తెల్లగా దొరుకుతాయి. వాటిని ఒకే పళ్లెంలో పెట్టి రంగును నమ్మి చెప్పమంటే ఎవరైనా తడబడతారు. వరుస ప్రకారం వెళ్లండి.

- చేతితో ఎత్తగానే ఒకటి ఎక్కువ బరువు. కాటా 4కు పైన చూపితే ముగ్గురాయి పక్కకు వెళ్లిపోయింది.
- మిగిలిన మూడింటికీ బరువు దాదాపు ఒకటే. చాకుతో గీయండి. గాడి పడింది కాల్సైట్. పొడి మీద వెనిగర్ వేస్తే బుడగలు రావాలి.
- మిగిలిన రెండూ గాజును గీస్తాయి. ఇప్పుడు వెలుతురులో తిప్పండి. చదునైన ముఖాలన్నీ ఒకేసారి అద్దంలా తళుక్కుమంటే ఫెల్డ్‌స్పార్. వంపులతో, జిడ్డు మెరుపుతో ఉంటే పలుగురాయి.

కాల్సైట్, ముగ్గురాయి రెండూ చాకుకు లొంగుతాయి. బరువు చూడకుండా నేరుగా గట్టితనానికి వెళ్లినవారు ఇక్కడే చిక్కుకుంటారు. అప్పుడు విడదీయడానికి వెనిగరే దిక్కు, ముగ్గురాయి పొంగదు.

## 6. తరగతిలో నేర్పడం

ఒక పీరియడ్‌లో ఒక గుణమే నేర్పండి. నలభై ఐదు నిమిషాల్లో అన్ని పరీక్షలూ చూపాలనుకుంటే పిల్లలకు మిగిలేది యాసిడ్ పొంగు ఒక్కటే.

నలుగురేసి జట్లు చేయండి. ఒకరు గీస్తారు, ఒకరు భూతద్దంతో చూస్తారు, ఒకరు తూస్తారు, ఒకరు రాస్తారు. రాయి మారినప్పుడల్లా పనులు మారాలి, లేకపోతే అందంగా రాసే పిల్ల సంవత్సరమంతా రాస్తూనే ఉంటుంది.

- 3 నుంచి 5 తరగతులు: పరీక్షలు వద్దు. రాళ్లు కుప్పపోసి వాళ్లకు తోచినట్టు విడదీయమనండి. ఏ లెక్కన విడదీశారో చెప్పించండి.
- 6 నుంచి 8: గీటు, గట్టితనం, చీలిక, అయస్కాంతం.
- 9, 10: సాపేక్ష సాంద్రత, రసాయన చర్య, అదే రాయి పరిశ్రమలో ఎందుకు పనికొస్తుంది. ముగ్గురాయి బరువు వల్లే చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలుపుతారు.

పిల్ల ‘ఇది పలుగురాయి సార్’ అన్న వెంటనే ‘అవును’ అనకండి, ‘ఎలా తెలిసింది?’ అనండి. మార్కులు రాసిన ఫలితాలకు వేయండి, పేరుకు ఒక్క మార్కు చాలు. ఫలితాలన్నీ సరిగా ఉండి పేరు తప్పిన విద్యార్థికి ఎక్కువ మార్కులు రావాలి. ఊహించి పేరు సరిగా రాసినవారికి తక్కువే.

నవరత్నాలతో ఒక పీరియడ్ బాగా నడుస్తుంది. ముత్యం, పగడం జీవుల నుంచి వచ్చినవి. మిగిలిన ఏడూ ఏడు ఖనిజాలా? కాదు. కెంపు, నీలం, మన దగ్గర పుష్యరాగం పేరుతో ఎక్కువగా అమ్మే పసుపు రాయి మూడూ కురువిందమే, గట్టితనం 9. కొద్దిపాటి క్రోమియం ఎరుపునిస్తే, ఇనుము, టైటానియం కలిసి నీలాన్నిస్తాయి. పచ్చ బెరిల్, గోమేధికం గార్నెట్, వైడూర్యం క్రైసోబెరిల్, ఇక వజ్రం. మొత్తం ఐదు. రంగును ఎందుకు నమ్మకూడదో ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

## 7. పటిక స్ఫటికం పెంచడం

మైలుతుత్తం నీలంగా అందంగా పెరుగుతుంది, కానీ విషం. పటికతో చేయండి. నీళ్లు తేర్చడానికి అమ్మే కొన్ని రకాలు అల్యూమినియం సల్ఫేట్, అవి సరిగా స్ఫటికం కట్టవు. మంగలి దుకాణంలో గడ్డం గీశాక రుద్దే అద్దం లాంటి గడ్డ అడగండి.

1. 200 మిల్లీలీటర్ల వేడి నీటిలో 60 గ్రాముల పటిక పొడి కరిగించి గుడ్డతో వడకట్టండి.
2. కదపకుండా రాత్రంతా ఉంచండి. అడుగున చిన్న స్ఫటికాలు కడతాయి.
3. ఎనిమిది ముఖాలు స్పష్టంగా ఉన్న ఒక్కదాన్ని ఏరి సన్నని నైలాన్ దారానికి కట్టండి. ఇదే విత్తనం.
4. మిగతా స్ఫటికాలను అదే ద్రావణంలో ఇంకొంచెం పటికతో కలిపి వేడిచేసి కరిగించండి. పూర్తిగా చల్లారాక మరోసారి వడకట్టండి.
5. విత్తనాన్ని మధ్యలో వేలాడదీసి, పైన పలుచని గుడ్డ కప్పండి. మూత బిగిస్తే నీరు ఆవిరి కాదు, స్ఫటికం పెరగదు.

ఎక్కువమందికి తప్పేది నాలుగో మెట్టు దగ్గర. గోరువెచ్చని ద్రావణంలో వేలాడదీస్తే విత్తనం కరిగిపోతుంది. వేళ్లకు వేడి ఏమాత్రం తగలకూడదు.

రెండో కారణం మన ఎండ. 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో 14 గ్రాములు కరిగే పటిక, 50 డిగ్రీల దగ్గర దాదాపు 37 గ్రాములు కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం గది వేడెక్కితే రాత్రి పెరిగినది పగలు కరిగిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేయండి, సీసాను థర్మోకోల్ పెట్టెలో లోపలి గదిలో ఉంచండి. అడుగున మళ్లీ చిన్నవి కడితే విత్తనాన్ని బయటికి తీసి, ద్రావణాన్ని వడకట్టి మళ్లీ వేలాడదీయాలి. లేకపోతే అవే పటికంతా లాగేసుకుంటాయి.

## 8. వానాకాలంలో పెట్టెను కాపాడటం

గుడ్ల అట్టలు, మిఠాయి డబ్బాలు రాళ్లకు చక్కని అరలు. కానీ ఒకదానికొకటి తగలకూడదు, పలుగురాయి పక్కన కాల్సైట్ పెడితే గీతలు పడతాయి.

- సైంధవ లవణం తేమకు చెమ్మగిల్లి కరుగుతుంది. గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి.
- పైరైట్ తేమకు నెమ్మదిగా పాడై, పక్కనున్న చీటీలను కూడా తినేసే ఆమ్లం వదులుతుంది. విడిగా, పొడిగా ఉంచండి.
- పటిక స్ఫటికం గాలికి తెల్లబారుతుంది. రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేయండి.
- అభ్రకాన్ని పడుకోబెట్టి ఉంచండి, నిలబెడితే రేకులు విడిపోతాయి.
- నంబర్ల పుస్తకాన్ని ఫొటోలు తీసి ఫోనులోనూ దాచండి. పుస్తకం తడిస్తే పెట్టె మొత్తం మళ్లీ పేరులేని రాళ్లే.